చుట్టూ తిరిగి చూసే బొమ్మ

"సుత్తి యాడ పెట్టినావు, అమ్మాయ్?"

మగ్దలీనమ్మ గడపలో నిలబడి మళ్ళీ అడిగింది. కరుణాకుమారి పొయ్యి ముందునుంచి లేవలేదు. సుత్తి బియ్యపు కుండలో ఉన్నది. పైన బియ్యం, అడుగున ఇనుము. ఆ సంగతి ఆమెకూ కుండకూ తప్ప ఎవరికీ తెలియదు.

"నాకేం తెలుసత్తా. ఆయన పనిముట్లు ఆయనకే తెలియాల."

"బైబిలు చదివే నోటితో అబద్ధమాడతా ఉండావా?"

"సుత్తి నాకు కావలసిన వస్తువా అత్తా? గరిటె ఇదిగో, కావాలంటే తీసుకుపోండి."

మగ్దలీనమ్మ నవ్వలేదు. నిన్న సాయంత్రంనుంచి ఆమె మెతుకు ముట్టలేదు, మంచినీళ్ళు మాత్రం తాగుతున్నది. నిన్న సాయంత్రం పాస్టరు కృపాదానం అయ్యగారు వచ్చి వాకిట్లో ఆ బొమ్మను చూశారు. ఇచ్చిన మజ్జిగ తాగకుండానే లేచారు. కేకలు వేయలేదు. వేసినా బాగుండేది. "ఆదివారం ప్రభు బల్ల, సంఘానికి రొట్టె పంచే రోజు. బైబిలమ్మ వాకిట్లో విగ్రహం నిలబడి ఉంటే ఆ రొట్టె ఆమె చేతిలో నేనెట్లా పెట్టేది?" అని మాత్రం మెల్లగా అడిగి వెళ్ళిపోయారు.

మైపాడులో ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పి, బైబిలమ్మ అని పేరు పడ్డ మనిషి మగ్దలీనమ్మ. డేరా టాకీసుకు పోయివచ్చిన ఆడవాళ్ళను పేరు పెట్టి నిలదీసిన మనిషి. ఆ మనిషి వాకిట్లో, తడిసిన గోనె సంచులు కప్పుకొని, మనిషి ఎత్తున, నాట్యమాడుతున్న సినిమా తార నిలబడి ఉన్నది. చెక్కినవాడు ఆమె కొడుకే. ఇన్నాళ్ళూ అటు కన్నెత్తకుండా ఓర్చుకున్నది; అయ్యగారి మాటతో, దాన్ని పగలగొట్టడానికి సుత్తి అడుగుతున్నది.

హెబ్రోను వాకిట్లోనే ఉన్నాడు. తాపీ కడుగుతున్నాడు. కడిగిన తాపీనే మళ్ళీ కడుగుతున్నాడు.

"సోమవారం దీన్ని తీసుకుపోయే గూడూరు బండి వస్తాదమ్మా. ఒక్క ఆదివారం ఓర్చుకో."

"ఆ ఒక్క ఆదివారం కోసమే రా నేను ఆరు రోజులు బతికేది."

"ఇది సిమెంటు. దీనికి దండం పెట్టమని ఎవురన్నారు? డేరా మస్తానయ్యగారు గూడూరులో కొత్తగా కట్టే టాకీసు వాకిట్లో పెట్టే బొమ్మ. టిక్కెట్టుకు నిలబడినోళ్ళు ఊసుపోక చుట్టూ తిరిగి చూసుకుంటారు. అంతే."

"చుట్టూ తిరిగేదాన్నే ప్రదక్షిణం అంటారు."

గోడవతలినుంచి పొరుగింటి కామమ్మ నవ్వు వినిపించింది. చేపలెండబెట్టుకుంటూ ఈ ఇంటి తగవులన్నీ వినడం ఆమెకు అలవాటు.

"నీకేం నవ్వులాటగా ఉండాదా, కామమ్మా?"

"లేదక్కా. చేప ముల్లు గుచ్చుకునింది."

మగ్దలీనమ్మ కొడుకువైపు తిరిగింది. "మేడలమీద ఎన్ని బొమ్మలు చేసినావు? నేనేమన్నా అన్నానా? గూడూరులో నిమ్మకాయల మండీ ఆయన మేడమీద గుర్రమెక్కిన వాణ్ణి పెట్టినావు, చిలకను పట్టుకున్న దాన్ని పెట్టినావు. నల్లకళ్ళద్దాలోణ్ణి సైకిలెక్కించినావు. పోనీ, కడుపు కోసం అనుకున్నా. ఇది నా వాకిట్లో నిలబెట్టినావే! దాని మొగమెవురిదో లోకమంతా ఎరుగుదురు."

"మొగం ఆమెదే," అన్నాడు హెబ్రోను. అని, ఏదో ఎక్కువ మాట్లాడినట్టు తల వంచుకున్నాడు.

ఆ మాట కరుణ చెవిలో పడింది. పడి, అక్కడే ఉండిపోయింది.

మొగం ఆమెదే. మరి తక్కినది?

ఈ ప్రశ్న ఆమెకు కొత్తది కాదు. సిమెంటు బొమ్మకు పొద్దునా సాయంత్రమూ నీళ్ళు పట్టాలి. ఆరిపోతే బీటలిస్తుంది. ఆ పని కోడలిది. బిందెతో నీళ్ళు పోసి, సంచి తడిపి, సందుల్లోకి చెయ్యి పోనిచ్చి ఎక్కడైనా పొడి మిగిలిందేమో తడిమి చూడాలి. అలా తడిమే వేళల్లోనే ఆమె చేతికి ఒక సంగతి తెలిసింది.

హెబ్రోను బొమ్మలకు ఇంతకుముందు వీపులుండేవి కావు. అతనికి గురువు లేడు. గోడలమీది సినిమా కాగితాలు, డేరాలో అమ్మే పాటల పుస్తకాల అట్టలు, ఇవే అతని బడి. ఆ అట్టమీద మనిషికి ముందుపక్క మాత్రమే ఉంటుంది. అందువల్ల అతని వీరులూ సుందరులూ అందరూ పిట్టగోడకు ఆనుకొని నిలబడ్డవారే. వెనక్కు వెళ్ళి చూస్తే ఇటుకముక్కలు, ఇనుపచువ్వ, ఎండిపోయిన సున్నం.

ఈ బొమ్మకు మాత్రం వీపున్నది. నాలుగు పక్కలనుంచీ కనిపించాలని మస్తానయ్య పట్టుబట్టాడు గనుక ఉన్నది. అయితే ఆ వీపు ఎక్కడిది?

ముందుపక్క అంతా అట్టమీది తారే. ఎగరేసిన ఎడమ కనుబొమ, అరవిరిసిన నవ్వు, చెంపకు చేర్చిన చెయ్యి. చూడగానే తెలిసిపోతుంది. చూసి వదిలేయవచ్చు. వెనక్కు వెళితే వేరే మనిషి. ఒక భుజం కొంచెం దిగి ఉంటుంది. నడుము దగ్గర ఏదో తొందర ఉన్నది. ఎవరో పిలిచినా తిరగకుండా పోతున్న మనిషి వీపది. తారకు అలాంటి వీపు ఉండదు. బతికిన మనిషికే ఉంటుంది.

"ఇదెవరిని చూసి చేసినారు?" అని ఆమె ఒకసారి అడిగింది.

"పాటల పుస్తకం," అన్నాడు.

పాటల పుస్తకంలో వీపెక్కడుంది?

ఆనాటినుంచి కరుణాకుమారికి మైపాడులో ఆడవాళ్ళందరూ వీపులైపోయారు. సంఘంలో చాపలమీద ముందు కూర్చునే కోడలు, ఆదివారం నుంచి ఆదివారానికి వెనక్కు జరిగి, అందరికన్నా వెనక కూర్చోవడం మొదలుపెట్టింది. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటే ఆమె తెరిచేది. రెబెక్కమ్మ వీపు వెడల్పు. ఎలిశబెతు వీపు గూని. పడవల దగ్గరకు గంపలెత్తుకుపోయే ఆడవాళ్ళ వెనకాల ఇసుకలో నడిచి చూసింది. ఒక భుజం దిగినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ తొందర మాత్రం ఎవరిలోనూ లేదు. పెళ్ళయి ఏడాది తిరగని ఆడది, మొగుడి మనసులో ఉన్నదెవరో కనుక్కోవడానికి ఊరి వీపులన్నీ వెతుక్కోవడం ఆమెకే సిగ్గుగా ఉండేది. అయినా వెతకడం మానలేదు. అతను రోజూ సాయంత్రం డేరాకు పోయేవాడు. ఆడేది ఒకటే సినిమా. చూసిందే చూసి వచ్చేవాడు. తార కోసమనుకుందామంటే, తార వీపు ఇది కాదాయె.

"సుత్తి లేకపోతే మానె," అన్నది మగ్దలీనమ్మ. వంటింటి మూలకు వెళ్ళింది. రోకలి తీసుకున్నది.

"అత్తా!"

"అడ్డం రామాకు."

హెబ్రోను లేచాడు. తల్లికి అడ్డం పోలేదు. బొమ్మ ముందుకు వెళ్ళి, చేతులు రెండూ చాపి నిలబడ్డాడు. మగ్దలీనమ్మ కొడుకును చూడలేదు. వాకిలి అంచునే నడిచి, బొమ్మ వెనక్కు వెళ్ళింది.

"విగ్రహం మొగం నేను చూడను. ఎనకనుంచే కొడతా."

అది ఆమె పంతం. కొట్టవలసిన చోటు కనిపించాలి గనుక, ఒక చేత్తో తడి గోనెను పట్టి లాగింది. సంచి ఇసుకలో పడింది. రోకలి పైకి లేచింది.

లేచిన రోకలి దిగలేదు.

కరుణ చూసింది. అత్త చెయ్యి గాలిలో ఉన్నది. కళ్ళు బొమ్మ మెడమీద ఉన్నాయి. జడ మొదలయ్యే చోట వెంట్రుకలు రెండు సుడులు తిరిగి, ఆ సుడుల మధ్యనుంచి జడ ఎడమపక్కకు ఒరిగి దిగింది. ఆ ఒరుగును కరుణ ఇంతకాలం పనివాడి పొరపాటనుకున్నది.

రోకలి మెల్లగా నేలకు వచ్చింది. మగ్దలీనమ్మ దాన్ని గోడకు చేర్చి, రెండు వేళ్ళు ఆ సుడులమీద పెట్టింది. ఒకటి, మరొకటి. నీళ్ళోడుతున్న సిమెంటును అలా ముట్టుకొని నిలబడింది.

"దీన్ని యాడ చూసినావురా?"

ఎవరిది అని అడగలేదు. ఎక్కడ అని అడిగింది.

"డేరాలో," అన్నాడు హెబ్రోను.

"డేరాకొచ్చిందా?"

"రాలా. తెరమీద. ఆ తార పాటలో ఎనక వరసలో ఆడతా ఉండాది. అటు తిరిగే ఉంటాది. మొగం చూపించరు."

"బతికే ఉండాదా?"

"ఆడతా ఉండాదమ్మా."

గోడవతల కామమ్మ చేపలు తిరగెయ్యడం మానేసింది.

"ఎవరండీ?" అన్నది కరుణ. అత్తవైపు తిరిగింది. "ఎవరత్తా?"

"నీ ఆడబిడ్డ. ఆనందకుమారి."

"నాకు ఆడబిడ్డలు లేరని గదా మా నాయనతో చెప్పినారు?"

"నాకు కూతురు లేదని నేను సంఘంలో లేచి నిలబడి చెప్పినా. నీ నాయనతో ఒకటి, సంఘంతో ఒకటి చెప్తానా?"

"డేరాకు పోయి ఆట చూసొచ్చిందని అందరి ముందరా మోకాళ్ళేయించినావు," అన్నాడు హెబ్రోను. అతని గొంతు ఎప్పటిలాగానే మెత్తగా ఉన్నది, అయినా మాట మాత్రం వంగలేదు. "తెల్లారేసరికి నెల్లూరులో మద్రాసు బండెక్కింది. లేదన్నావు. నేనూ లేదనే అనుకున్నా. డేరా వచ్చినంక పాటలో ఆ భుజం చూసినా."

మగ్దలీనమ్మ వంగింది. పడిపోయిన సంచిని తీసి, ఇసుక దులిపి, బొమ్మ భుజాలమీద మళ్ళీ కప్పింది. చలికి కప్పినట్టు కప్పింది.

"డేరా ఎప్పటిదాకా ఉంటాది?"

"ఈ పొద్దే ఆఖరు. తెల్లారి దొరవారిసత్రం పోతాది."

అప్పుడే ఇసుకమేటమీదినుంచి డేరావాళ్ళ పాట లౌడుస్పీకరులో మొదలైంది. టిక్కెట్లిస్తున్నారని గుర్తు. ఆ పాట వినిపించినప్పుడల్లా మగ్దలీనమ్మ తలుపులు మూయించేది. ఇవాళ తలుపు తీసి బయటికి నడిచింది.

కొడుకూ కోడలూ వెనకాల రాగా ఆమె అలా నడిచిపోతుంటే వీధి వీధంతా తప్పుకున్నది. తెల్లచీర, తలమీద కొంగు, ఎప్పటి నడక. ఆడవాళ్ళ టిక్కెట్ల దగ్గర నిలబడ్డవాళ్ళు ఆమెను చూసి మొహాలమీదికి కొంగులు లాక్కున్నారు. ఒకామె వరసలోనుంచి జారుకొని, తాటాకుల చాటున కూర్చొని, చెప్పు తెగిందని చెప్పు లేని కాలు చూసుకున్నది.

వెనకాలే పరుగున వచ్చిన కామమ్మకు నోరు ఊరుకోలేదు. "అక్కా, దోవ తప్పినావా? ప్రార్థన కొట్టం అటుపక్క."

"నువ్వు రోజూ వస్తావు గదా. యాడ కూర్చోవాలో చూపించు."

మస్తానయ్య టిక్కెట్ల బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి లేని ధైర్యం తెచ్చుకున్నాడు. "బైబిలమ్మగారూ, ఏదన్నా తప్పుంటే బయట మాట్లాడుకుందాం. ఆఖరాట, పాడు చెయ్యబాకండి."

"నాకొక టిక్కెట్టు ఇయ్యి అబ్బయా."

మస్తానయ్య హెబ్రోనువైపు చూశాడు. హెబ్రోను ఆకాశంవైపు చూశాడు.

లోపల ఆడవాళ్ళ పక్క ఇసుకమీద కూర్చున్నారు. కరుణ ఒకపక్క, కామమ్మ ఒకపక్క. మధ్యలో మగ్దలీనమ్మ, వాక్యం వినడానికి కూర్చున్నట్టు వెన్ను నిలిపి, చేతులు ఒడిలో పెట్టుకొని. ఆట మొదలైంది. రాజు వచ్చాడు, మంత్రి కుట్ర చేశాడు, గుర్రాలు పరుగెత్తాయి. ఆమె కళ్ళు ఏ గుర్రాన్నీ చూడలేదు. కరుణ తెరను చూడడం మానేసి అత్తనే చూస్తున్నది. ఈ మనిషి మొహాన్ని తాను ఇంత సేపు ఎప్పుడూ చూడలేదని ఆమెకు అప్పుడు తోచింది. నిలదీసే నోరే తప్ప, ఆ నోటికి మీద ఏముందో ఎవరు చూశారు?

పాట వచ్చింది. తార మెట్లు దిగింది. వెనక చెలికత్తెల వరస, అందరూ అటు తిరిగి, చేతులు పైకెత్తి.

"ఆ కొసనున్న..." అంటూ కరుణ చెయ్యెత్తబోయింది.

"తెలుసు," అన్నది మగ్దలీనమ్మ.

భుజం దిగింది, లేచింది, దిగింది. వరస అటు కదిలింది, ఇటు కదిలింది. తార తిరిగింది. వరస తిరగలేదు. డేరాలో ఎవరూ ఆ వరసను చూడడం లేదు. చూస్తున్నవాళ్ళు ముగ్గురే: మగవాళ్ళ పక్కనుంచి ఒకడు, ఆడవాళ్ళ పక్కనుంచి ఇద్దరు.

మగ్దలీనమ్మ ఉన్నట్టుండి లేచింది.

"అత్తా, కూర్చోండి. వెనకవాళ్ళకు..."

ఆమె కూర్చోలేదు. కూర్చున్నవాళ్ళ మధ్యనుంచి దారి చేసుకుంటూ ముందుకు నడిచింది. వెలుగుకు అడ్డం వచ్చేసరికి కొంగు కప్పిన తల నీడ తెరమీద కొండంత లేచి, తారను మింగేసింది. డేరా అంతా ఈలలు, కేకలు. "ఎవురామె? కూర్చో!" "బైబిలమ్మ రా! మగ్దలీనమ్మ!" "ఆటను ఆపేదానికి వచ్చిందిరో!" ఆమె ఏ కేకనూ వినలేదు. తెర అంచు పట్టుకొని, పక్కకు తప్పుకొని, గుడ్డ వెనక్కు పోయింది.

కరుణకు అప్పుడు అర్థమైంది. వాకిట్లో బొమ్మకు వెనక్కు వెళ్ళి వీపు చూసిన మనిషి, ఇక్కడ వీపు కనిపిస్తున్నది గనుక, అవతలికి వెళితే మొహం కనిపిస్తుందనుకున్నది. ఆమె సినిమా ఎన్నడూ చూడలేదు. ఎవరు చెప్పారు ఆమెకు, గుడ్డకు అవతలిపక్క లేదని?

ఆమె పరుగెత్తింది. హెబ్రోను మగవాళ్ళ పక్కనుంచి వచ్చాడు.

తెర వెనక ఇసుక చల్లగా ఉన్నది. గుడ్డలోనుంచి బొమ్మ ఇటూ కనిపిస్తున్నది. అదే వరస. అవే చేతులు. కుడి ఎడమైంది, ఎడమ కుడైంది. తక్కినదంతా అదే. ఇటుపక్కనుంచీ వీపే.

మగ్దలీనమ్మ గుడ్డకు మూరెడు దూరంలో నిలబడి, తలెత్తి చూస్తున్నది. వెలుగు ఆమె చీరమీద ఆడుతున్నది.

"ముందుపక్క యాడుండాది?"

"లేదమ్మా," అన్నాడు హెబ్రోను. "గుడ్డే. ముందుపక్క అని లేదు."

"అటు చూసినా ఇదే. ఇటు చూసినా ఇదే." ఆమె గుడ్డమీద చెయ్యి పెట్టింది. అరచేయి కింద ఆ చిన్న వీపు వణికి, ముడతపడి, సర్దుకున్నది. "ఇన్నాళ్ళూ తిరిగి చూడనిది, ఇప్పుడు చూస్తాదనుకున్నా."

పాట అయిపోయింది. వరస చెదిరి పోయింది. దాని చోట మంత్రి వచ్చి గడ్డం దువ్వుకున్నాడు.

ముగ్గురూ డేరా వెనకవైపునుంచి బయటపడ్డారు. కామమ్మ అక్కడికే వచ్చి, వేరుశనక్కాయల పొట్లం కొంగులో కట్టుకొని, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉన్నది. పక్కన సముద్రం మోత. డేరావాళ్ళ లాంతరొకటి గుంజకు వేలాడుతున్నది.

"హెబ్రోనూ."

"చెప్పమ్మా."

"ఆ సినిమా దాని మొగం చెక్కేసెయ్యి. మన ఆనందం మొగం పెట్టు."

కరుణ తన చెవులను తానే నమ్మలేదు. రోకలెత్తిన మనిషి, విగ్రహం మొహం చూడనన్న మనిషి, మొహం అడుగుతున్నది.

హెబ్రోను చేతులు చాపి, ఎవరి చేతులో అన్నట్టు చూసుకున్నాడు.

"పెట్టలేనమ్మా. మొదలు దాని మొగంతోనే అనుకున్నా. మట్టి పిసికి ఎన్నిసార్లు మొదలుపెట్టినా, ఎగరేసిన కనుబొమే వస్తాది. ఆ నవ్వే వస్తాది. ఇన్నేళ్ళూ అట్టమీది మొగాలు చేసి చేసి, ఈ వేళ్ళకు ఇంకో మొగం రావడంలా. వీపంటే, ఏ పుస్తకంలోనూ లేదు గనక మిగిలింది. నువ్వు దానికి జడేసేటప్పుడు దువ్వెన పట్టుకొని పక్కన కూర్చునింది నేనే గదా. మొగం పోయిందమ్మా నాకు. నువ్వు చెప్పు. ముక్కు ఎట్టుండేది? చెప్పితే చేస్తా."

మగ్దలీనమ్మ నోరు తెరిచింది. మైపాడులో ఏ గడపలోనూ తడబడని నోరది. మాట రాలేదు.

"ఏందబ్బా ఇద్దురూ," అన్నది కామమ్మ, కాయ ఒలుచుకుంటూ. "దాని మొగం మీ అమ్మ మొగమే గదరా. పుట్టినప్పుడు చూసి అందరం నవ్వినాం గదా, చిన్న బైబిలమ్మ వచ్చిందని. ఇంకెవుర్నో అడుగుతావేంది?"

హెబ్రోను తల్లివైపు తిరిగాడు.

కరుణ మనసు పరుగులు తీసింది. ఆ బొమ్మ గూడూరు పోతుంది. టాకీసు వాకిట్లో నిలబడుతుంది. నెల్లూరునుంచీ సూళ్ళూరుపేటనుంచీ వచ్చినవాళ్ళు దాని చుట్టూ తిరుగుతారు. నడుము వంచి, చెంపకు చెయ్యి చేర్చి ఆడే ఆ సిమెంటు ఆడదానికి మైపాడు బైబిలమ్మ మొహం! కృపాదానం అయ్యగారు ఏమంటారు? రేపటి రొట్టె సంగతి సరే, ఆ తరువాత ఏ ఇంట్లో ఆమెను అడుగు పెట్టనిస్తారు?

"వద్దులేమ్మా," అన్నాడు హెబ్రోను. అతనికీ అదే తోచినట్టుంది. "ఇప్పుడున్న మొగంతోనే పోనీ. మస్తానయ్యకు అదే కావాల. నీకు చెడ్డపేరు వద్దు."

మగ్దలీనమ్మ లాంతరు కిందికి నడిచింది. డేరాలో జనం దేనికో పెద్దగా నవ్వారు. ఆ నవ్వు ఆగేదాకా ఆమె నిలబడింది. అప్పుడు, సంఘంలో గాని వీధిలో గాని ఇంట్లో గాని ఎన్నడూ జారనివ్వని కొంగును, తానే తలమీదినుంచి తీసి భుజమ్మీద వేసుకున్నది. నెరిసిన జుట్టు, వెడల్పాటి నుదురు, కోటేరు ముక్కు, నిన్నటినుంచి తిండి లేని చెంపలు. వెలుగంతా వాటిమీద పడింది.

"బాగా చూడు," అన్నది కొడుకుతో. "తెల్లారితే ఆదివారం."